తోటివారి సాక్ష్యం: డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు

మన సంఘం కార్యదర్శి గారు ఈ ఏడాది సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్యాసం రాసి ఇవ్వమని అడిగారు. "తెలుగులోనే రాయండి మాస్టర్ సాబ్, మన పిల్లల్లో సగం మందికి ఉర్దూ చదవటం రావటం లేదు" అని కూడా అన్నారు. ఆ మాట నిజమే, కష్టంగా ఉన్నా నిజమే. నేను ఇరవై ఏళ్లుగా ఉర్దూ మీడియం బడిలో సైన్సు పాఠాలు చెప్పుకుంటున్న వాణ్ణి. నా తెలుగులో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించవలెనని ముందే మనవి చేసుకుంటున్నాను.

చరిత్ర అనగానే మనవాళ్లకు నవాబులు, కోటలు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. అవి రాయడానికి నాకంటే సమర్థులున్నారు. నేను ఒక మందుల పరిశోధకుని గూర్చి రాయదలచినాను. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1948లో అమెరికాలో కన్నుమూశారు. మన సంఘంతో ఆయనకేం సంబంధం అని అడుగుతారేమో. చదివిన తరవాత మీరే చెప్పండి.

కొన్నేళ్ల క్రితం మా బడిలో బోదకాలు రాకుండా మాత్రలు పంచే కార్యక్రమం జరిగింది. దేశమంతటా ఈ పంపిణీ 2004లో మొదలైంది కదా. ఖాళీ కడుపుతో వేసుకోరాదు గనుక మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి, వయసును బట్టి లెక్కపెట్టి ఇస్తున్నాం. ఏడో తరగతి కుర్రాడొకడు మాత్ర చేతిలో పట్టుకుని, "సర్, యే గోలీ కిస్‌నే బనాయీ?" అన్నాడు. ఏదో కంపెనీ అన్నాను. "కంపెనీ కాదు సర్, మొట్టమొదట ఎవరు?" అన్నాడు. నాకు తెలియదు. ఉస్తాద్‌కు తెలియదని షాగిర్దు ముందు ఒప్పుకోవటం కొంచెం కష్టమే. రేపు చెబుతానని తప్పించుకున్నాను. ఆ రాత్రి వెతికితే దొరికిన పేరే ఎల్లాప్రగడ సుబ్బారావు. మన గోదావరి జిల్లా మనిషి!

మనలో ఎవరైనా పెద్దమనిషి పోతే తాజియతీ జల్సా పెడతాం. ఒక్కొక్కరే లేచి మర్హూం గురించి నాలుగు మాటలు చెబుతారు. చాలావరకు పొగడ్తలే ఉంటాయి. ఎప్పుడో ఒకరు మాత్రం, ఆయన పక్కన కూర్చుని పనిచేసినవారు, ఇంట్లోవాళ్లకు కూడా తెలియని సంగతి ఒకటి బయటపెడతారు. సుబ్బారావు గారి విషయంలో అటువంటి జల్సా ఒక్క రోజుతో అయిపోలేదు. తోటి పరిశోధకులు చెప్పిన మాటలు ఆయన పోయాక దశాబ్దాల తరబడి ఒకటి తరవాత ఒకటి బయటికి వస్తూనే ఉన్నాయి. ఈవేళ మనకు ఆయన గురించి తెలిసినదానిలో పెద్దభాగం ఆ సాక్ష్యాల పుణ్యమే.

చదువులో ఆయన మొదటి నుంచీ మెరిసిన పిల్లవాడేమీ కాదు. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనవంతుడవుదామని ఇంట్లోంచి పారిపోబోతే పట్టి తెచ్చారని చెబుతారు. మెట్రిక్ పరీక్ష మూడోసారికి గాని గట్టెక్కలేదు. మన పిల్లలు ఒకసారి తప్పితే ఆటో కొనివ్వమని తండ్రుల మీద కూర్చుంటున్నారు గనుక ఈ సంగతి రాస్తున్నాను. ఆ తరవాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఆపరేషను గదిలోకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లటంతో సర్జరీ ప్రొఫెసరైన బ్రాడ్‌ఫీల్డ్ అనే తెల్లదొరకు కోపం వచ్చింది. ఫలితం, ఎం.బి.బి.ఎస్. పట్టా రావలసిన చోట అంతకు తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చి పంపారు.

ఈలోగా ఇంట్లో ఘోరం జరిగింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఉంది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలతో మనిషి చిక్కి శల్యమైపోతాడు, రక్తం పలచబడిపోతుంది. ఆ జబ్బుతో కొద్ది రోజుల తేడాతో ఇద్దరు సోదరులు పోయారు. ఆయనకు కూడా అదే జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బతికి బయటపడ్డారు. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. తరవాత మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చూపిన ఆదరువుతో 1920ల మొదట్లో బోస్టన్ నగరం చేరారు. ఒక ధర్మసంస్థ ఒక కుర్రవాడి చదువుకు చేయూతనిస్తే ఏమవుతుందో మన సంఘం వారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

భార్య శేషగిరి గారిని పుట్టింట వదిలి వెళ్లారు. కొద్ది సంవత్సరాల్లో వస్తాననుకుని వెళ్లినవారు మళ్లీ రానే లేదు.

అక్కడ హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు చదివారు. పొట్టకూటికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పళ్లేలు కడిగే పని చేశారు. డాక్టరీ చదివిన మనిషి! తరవాత సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని ప్రయోగశాలలో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది, రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువన్నమాట. ఇప్పటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు దానిని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తారు.

ఆ నీలిరంగే వారికి ఇంకొక దారి చూపింది. కండరం నుంచి తీసిన రసంలో రంగు వెంటనే రాకుండా మెల్లమెల్లగా చిక్కబడుతోంది. మరొకరైతే రసాయనాలు పాతబడ్డాయని పారబోసి మళ్లీ మొదలుపెట్టేవారు. వీరు మాత్రం ఎందుకు ఆలస్యమవుతోందని అడిగారు. కండరంలో భాస్వరం మరొక పదార్థానికి అంటిపెట్టుకుని ఉండి, పరీక్ష జరుగుతుండగా నెమ్మదిగా విడిపోతున్నదని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీ సంగతి ప్రకటించారు. ఏటీపీ అంటే మన కణాలు రోజువారీ ఖర్చుపెట్టుకునే నగదు వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ అవసరానికి పక్కన దాచుకున్న సొమ్ము. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనిపెట్టాడు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఫోన్లలో తిరిగే సందేశాల్లో సుబ్బారావు ఒక్కరే అంతా కనిపెట్టారన్నట్టు రాస్తున్నారు. లేని గొప్ప అంటగడితే ఉన్న గొప్పను కూడా ఎవరూ నమ్మరు.

కండరాల మీద 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి హిల్, మయ్యర్‌హాఫ్ అనే ఇద్దరికి వచ్చింది. లాక్టిక్ ఆమ్లమే కండరానికి కదలిక ఇస్తుందని అప్పటి నమ్మకం. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడ్డాక ఆ నమ్మకం కదిలిపోయింది. ఇంత జరిగినా హార్వర్డ్‌లో సుబ్బారావు గారికి స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1930లో పిహెచ్.డి. వచ్చింది గాని, 1940లో ఆయన ఆ విశ్వవిద్యాలయం వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో లెడర్లీ మందుల కంపెనీలో చేరవలసి వచ్చింది.

ఇక్కడ మొదటి సాక్షిని పిలుస్తాను. జార్జి హిచ్చింగ్స్. ఆ రోజుల్లో అదే ఫిస్కే ప్రయోగశాలలో చదువుకుంటున్న కుర్రాడు. తరవాత తానే మహా పరిశోధకుడై 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. సుబ్బారావు విడదీసిన న్యూక్లియోటైడు పదార్థాలలో కొన్నింటిని ఏళ్ల తరవాత ఇతర శాస్త్రజ్ఞులు మళ్లీ కొత్తగా కనుక్కోవలసి వచ్చిందని హిచ్చింగ్స్ చెప్పాడు. కారణం కూడా దాచలేదు. ఫిస్కే, బహుశా అసూయ కొద్దీ, సుబ్బారావు చేసిన పనిని వెలుగు చూడనివ్వలేదు అన్నాడు. హిచ్చింగ్స్ కీర్తి కూడా ఆ కోవకు చెందిన పదార్థాల మీద పరిశోధనకే వచ్చింది. తన దారిలో తనకంటే ముందు ఒకడు నడిచాడని నోరువిప్పి చెప్పటానికి గుండె ఉండాలి. ప్రయోగశాలలో ఉన్న రోజుల్లోనే చెప్పి ఉంటే బాగుండేది కదా అని నాకూ అనిపించింది. కాని ఆచార్యుని చేతికింద చదువుకుంటున్న షాగిర్దు ఆచార్యునికి ఎదురు ఏం మాట్లాడగలడు? మనలో ఎంతమందిమి మాట్లాడాం?

లెడర్లీలో ఆయన పరిశోధన విభాగానికి అధిపతి అయినారు. ఇక్కడి కథ మన ఇళ్లకు చాలా దగ్గరది, ముఖ్యంగా మన ఆడవాళ్లకు.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు లేడీ డాక్టరు బొంబాయి వచ్చింది. గర్భిణీ స్త్రీలకు రక్తం పలచబడి ప్రాణం మీదికి వస్తున్న కారణం కనుక్కోవటం ఆమె పని. ఏ వర్గం స్త్రీలు ఏం తింటున్నారో, ఎవరికి ఈ జబ్బు ఎక్కువో పక్కపక్కన పెట్టి చూసింది. అందరికంటే నాసిరకం తిండి, అందరికంటే ఎక్కువ జబ్బు ఎవరికంటే, పేద ముస్లిం స్త్రీలకు. ఈ వాక్యం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. ఈస్టుతో తయారైన మార్మైట్ అనే చవక పదార్థం ఇస్తే వారి రక్తం కుదుటపడుతోందని ఆమె 1931లో ప్రకటించింది. అందులో ఏదో ఉంది, అదేమిటో తెలియదు. 1941లో మరికొందరు పరిశోధకులు పాలకూర ఆకులనుంచి ఒక పదార్థం విడదీసి, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కాని టన్నులకొద్దీ ఆకులు పిండితే చిటికెడు వస్తే రోగులకు ఏం సరిపోతుంది? ప్రయోగశాలలో తయారు చేయటం తెలియాలి. దానిని 1945లో సాధించినది సుబ్బారావు గారి బృందం.

ఆ వ్యాసం సైన్స్ పత్రికలో వచ్చింది. దానిమీద 16 మంది పేర్లు ఉన్నాయి. మన దగ్గరైతే అధ్యక్షుని పేరు పెద్ద అక్షరాలతో పైన ఉంటుంది. అక్కడ మొదటి ఎనిమిదిమంది పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో వేశారు. విభాగానికి అధిపతి అయిన సుబ్బారావు పేరు ఏడోది, ఆయన తరవాత వాలర్. చేతికింది కుర్రవాళ్ల మధ్య ఒకడిగా నిలబడ్డారు. ఫిస్కే ప్రయోగశాలలో తనకు జరిగినది మరొకరికి జరగనివ్వకూడదనుకున్నారేమో. ఇది నా ఊహ మాత్రమే.

ఫోలిక్ యాసిడ్ వచ్చిన వెంటనే డాక్టర్ టామ్ స్పైస్ దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. రోగులు కోలుకున్నారు. సుబ్బారావు గారి సోదరులను తీసుకుపోయిన జబ్బు అదే. ఆయన అసలు వెతికింది మాత్రం వేరొక రకం రక్తహీనతకు కాలేయంలో ఉండే మందు కోసం. అది ఆయనకు దొరకలేదు. 1948లో వేరేవాళ్లు దానిని పట్టుకుని విటమిన్ బి12 అన్నారు.

రెండో సాక్షి సిడ్నీ ఫార్బర్, బోస్టన్ పిల్లల ఆసుపత్రి డాక్టరు. హార్వర్డ్ నాటి స్నేహం. ఆ స్నేహితులు ఎల్లాప్రగడ అనలేక "ఎల్లా" అని పిలిచేవారు. రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు ఆనాడు మందే లేదు, వారాలు లెక్కపెట్టుకోవటమే. ఫోలిక్ యాసిడ్ కోవకు చెందిన మందులు ఇస్తే జబ్బు తగ్గకపోగా పెరిగింది. అయితే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే పదార్థం ఇస్తే? అదే ఫార్బర్‌కు వచ్చిన ఆలోచన. రూపంలో ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, కణాన్ని మోసం చేసి, అది పెరగకుండా ఆపే పదార్థాన్ని సుబ్బారావు గారి రసాయనవేత్తలు తయారుచేసి పంపారు. దాని పేరు అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చువేశాడు. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. తాత్కాలికంగానే అని ఆయన నిజాయితీగా శీర్షికలోనే రాశాడు. అయినా క్యాన్సరును మందుతో వెనక్కి నెట్టవచ్చునని లోకానికి మొదటిసారి తెలిసిన సందర్భాల్లో అదొకటి.

దాని తోబుట్టువు వంటి మందు మెథోట్రెక్సేట్. మా ఖాలాకు కీళ్లవాతం. డాక్టరు గారు వారానికి ఒక్కరోజే వేసుకోమని ఒక మాత్ర రాశారు, మర్నాడు వేసుకోమని ఇంకొకటి. మొదటిది మెథోట్రెక్సేట్, రెండోది ఫోలిక్ యాసిడ్. ఒకటి అడ్డుకునేది, ఒకటి అడ్డుకోబడేది. రెండూ ఒకే మనిషి కనుసన్నల్లో తయారైనవి. ఖాలాకు ఈ సంగతి వివరించి చెబితే, "అయితే ఆయన పేరు మీద దువా చేస్తాను, పేరేమన్నావు?" అని రెండుసార్లు అడిగింది.

మా బడి కుర్రాడు అడిగిన బోదకాలు మందు కథ క్లుప్తంగా చెబుతాను. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు దోమకాటుతో ఫైలేరియా తగులుకుంది. లెడర్లీవారు కాటన్ ర్యాట్ అనే ఒక జాతి ఎలుకల మీద, కుక్కల మీద అనేక రసాయనాలు పరీక్షించి 1947లో హెట్రజాన్ అనే మందు ప్రకటించారు. మనవాళ్లు డి.ఇ.సి. అనేది దానినే. ఆ వ్యాసంలో సుబ్బారావు పేరు అందరికంటే చివర ఉంది.

ఆరియోమైసిన్ కూడా అక్కడిదే. దానిని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్, ఉద్యోగ విరమణ చేసిన వృక్షశాస్త్ర ఆచార్యుడు. డెబ్బై దాటిన మనిషిని రిటైరైనాడని వదలక లెడర్లీ పనిలోకి తీసుకుంది. మిస్సోరి నుంచి వచ్చిన ఒక పొలం మట్టిలో ఆయనకు ఆ మందునిచ్చే సూక్ష్మజీవి దొరికింది. టెట్రాసైక్లిన్ అదే కుటుంబంలోనిది. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చిందనగానే మన పట్నంలో సైతం మందుల షాపుల ముందు ఆ గోలీల కోసం జనం ఎగబడటం నాకు గుర్తుంది. అప్పుడు నేను బడిపిల్లవాణ్ణి, నాన్నగారు నన్ను క్యూలో నిలబెట్టి నమాజుకు వెళ్లారు.

1948 జూలైలో ఆరియోమైసిన్‌ను లోకానికి ప్రకటించారు. మరుసటి నెలలో, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి పోయారు. 53 ఏళ్లు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, స్వతంత్ర భారతదేశానికి తిరిగి రాలేదు. పాతికేళ్లకు పైగా ఎదురుచూసిన ఆ ఇల్లాలికి చివరికి వార్త మాత్రమే వచ్చింది.

ఆయన పోయాక తోటివారు ఊరుకోలేదు. 1950లో డోరన్ ఆంట్రిమ్ అనే రచయిత ఆర్గోసీ పత్రికలో, ఈయన పేరు మీరు విని ఉండరు గాని మీరీవేళ బతికి ఉండటానికి ఈయనే కారణం కావచ్చునన్న అర్థంలో రాశాడు. 1953లో హెసెల్టైన్ అనే బూజుల శాస్త్రవేత్త, లెడర్లీలో పనిచేసినవాడు, కొత్తగా గుర్తించిన ఒక బూజు ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టాడు. ఆ బూజు దొరికింది ఎక్కడో తెలుసా? మురుగునీటిని శుద్ధి చేసే వడపోత రాళ్లమీద. పూర్తి పేరు సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్, రెండో మాటకు ధగధగలాడేది అని అర్థం. నవ్వుకోకండి. ఒకప్పుడు రాత్రిళ్లు రోగుల పళ్లేలు కడిగిన మనిషికి ఆ పేరు తగనిదేమీ కాదు. 1987లో పి.టి.ఐ. విలేకరి ఎస్.పి.కె. గుప్తా గారు ఎడ్గర్ మిల్ఫర్డ్ సహకారంతో పూర్తి జీవిత చరిత్ర వెలువరించారు. శతజయంతి నాడు, 1995లో, మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది.

తన పేరు తాను చెప్పుకోకపోవటమే ఆయన గొప్పతనమని చాలామంది రాస్తారు. నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. ఆయన పని వెలుగు చూడకపోవటంవల్ల లోకం కొన్ని సంగతులను రెండుసార్లు కనుక్కోవలసి వచ్చిందని హిచ్చింగ్స్ చెప్పనే చెప్పాడు. ఇంటికి ఆయన బాకీపడినది కూడా ఏ పతకంతోనూ తీరేది కాదు. ఆయన్ని ఔలియాను చేయటం నాకిష్టం లేదు. పరిశోధన తప్ప వేరే లోకం లేని ఒక పనిమంతుడు, అంతే. కాని ఆ పని ఎంత పెద్దదో చెప్పటానికి పక్కబల్ల దగ్గర పనిచేసినవాళ్లే కావలసి వచ్చింది.

ఆ కుర్రాడికి మర్నాడే జవాబు చెప్పాను. బోర్డు మీద పేరు ఉర్దూలో రాయబోతే "ఎల్లాప్రగడ" ఒకపట్టాన కుదరలేదు. లామ్ మీద తష్దీద్ పెట్టాలా, "డ" కు దాల్ రాయాలా డాల్ రాయాలా అని మూడుసార్లు తుడిచి రాశాను. వాడు లేచి, "సర్, తెలుగులో రాయండి, మేం చదువుకుంటాం" అన్నాడు. తెలుగులోనే రాశాను.